ఇద్దరు రాజరాజులు, ఇద్దరు కుందవలు: చెన్నైలో ఒక ఉగాది క్విజ్ కేసు

గొడవకి కారణమైన ప్రశ్న ఇది: "రాజరాజ చోళుడి సోదరి కుందవను పెళ్ళి చేసుకున్నది ఎవరు?" కీలో ఉన్న జవాబు: విమలాదిత్యుడు.

చెన్నైలో ఒక తెలుగు సంఘం ఉగాదికి పెట్టిన క్విజ్‌లో, సెమీఫైనల్ రౌండులో ఈ ప్రశ్న పడింది. ముందు బజర్ నొక్కిన జట్టులో తొమ్మిదో తరగతి కుర్రాడు "వల్లవరైయన్ వందియదేవన్" అన్నాడు. క్విజ్ మాస్టర్ కీ చూసి తప్పన్నారు. ప్రశ్న పక్క జట్టుకి పాస్ అయింది. ఆ జట్టులో రాజమండ్రి నుంచి ఎప్పుడో వచ్చి వెస్ట్ మాంబళంలో స్థిరపడిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన తడుముకోకుండా "విమలాదిత్యుడు" అన్నారు. పాయింట్లు ఆయనకి పడ్డాయి. కుర్రాడు దిగాలుగా కూర్చున్నాడు కానీ వాళ్ళమ్మ ఊరుకోలేదు. ఫోన్‌లో వాడి స్కూలు పుస్తకం పేజీ తీసి స్టేజీ దగ్గరికి వెళ్ళింది. పెద్దాయన కూడా తగ్గలేదు. "రాజరాజు గురించి మా గోదావరి వాళ్ళకా చెప్తారు?" అన్నారట.

ఆ ఒక్క ప్రశ్న మీదే ఆ రెండు జట్లలో ఫైనల్‌కి ఎవరు వెళ్తారన్నది ఆధారపడింది. నిర్వాహకులు జాబితా ప్రకటించకుండా ఆపి, ప్రశ్నల ఫైలు మొత్తం నాకు పంపారు. పోటీ ప్రశ్నలు రాయడం, ఇతరులు రాసినవి సరిచూడటం నేను చాలా ఏళ్ళుగా చేస్తున్న పని. ఈ సెట్ రాసినవాళ్ళు, చదివినవాళ్ళు, ఆడినవాళ్ళు ఎవరూ నాకు ముందు తెలియకపోవడం వల్ల తీర్పు చెప్పడం కాస్త తేలికైంది.

కుర్రాడు చెప్పిందే రైటు

రాజరాజ చోళుడికి, అంటే 985 నుంచి 1014 దాకా ఏలిన మొదటి రాజరాజుకి, కుందవ అనే అక్క ఉంది. తమిళంలో కుందవై. తంజావూరు పెద్దగుడి శాసనాల్లో ఆమెను వల్లవరైయర్ వందియదేవర్ దేవిగా, అంటే భార్యగా పేర్కొన్నారు. ఆ శాసనాలు సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ రెండో సంపుటంలో అచ్చయ్యాయి కాబట్టి ఇందులో వాదనకి చోటు లేదు. ఆ గుడికి వచ్చిన దానాలను రాతి మీద చెక్కమని రాజు ఆజ్ఞ ఇచ్చిన శాసనం మరీ బాగుంటుంది. మేం ఇచ్చినవి, మా అక్క ఇచ్చినవి, మా రాణులు ఇచ్చినవి అని వరస చెప్తాడు. తన తర్వాత అక్క, అక్క తర్వాతే రాణులు. ఆ ఇంట్లో ఆమె మాట ఎంత చెల్లేదో ఆ వరసే చెప్తుంది.

అదే రాజరాజుకి కుందవ అనే కూతురూ ఉంది. మేనత్త పేరే పెట్టారు. ఆమెను వేంగి చాళుక్య రాజు విమలాదిత్యుడికి ఇచ్చారు. వాళ్ళ కొడుకే 1022లో పట్టాభిషేకం జరుపుకున్న రాజరాజ నరేంద్రుడు, నన్నయతో భారతం తెలుగు చేయించినవాడు. నన్నయ కూడా అవతారికలో అతన్ని విమలాదిత్యుడి కొడుకుగానే పరిచయం చేశాడు.

పెద్ద రాజరాజుకి అక్కా కుందవే, కూతురూ కుందవే. చిన్న రాజరాజుకి తల్లి కుందవ. ప్రశ్నలో అడిగింది అక్క గురించి, కీలో రాసింది కూతురి మొగుడి పేరు. పెద్దాయన విన్నది "రాజరాజు, కుందవ" అనే రెండు మాటలే. ఆయనకి తెలిసిన కుందవకి విమలాదిత్యుడు నిజంగానే భర్త. తెలియక చెప్పిన జవాబు కాదది, వేరే ప్రశ్నకి సరైన జవాబు. ఇక కుర్రాడికి ఆ సంగతి పాఠంలో తెలిసిందా సినిమాలో తెలిసిందా అని కమిటీలో ఒకాయన ఆరా తీశారు. అది మనకి అనవసరం. క్విజ్‌లో జవాబుకి మార్కు వేస్తాం, అది ఎలా వచ్చిందన్న దానికి కాదు.

రెండు లైన్లు ఒకటైన చోటు

ప్రశ్నలు రాసింది ఓఎమ్మార్ రోడ్డులో ఉద్యోగం చేస్తున్న కాకినాడ అమ్మాయి. ఎక్సెల్ షీట్‌లో శుభ్రంగా రాసుకుంది. పాత వెర్షన్ కూడా దాచింది. అది దొరక్కపోయి ఉంటే ఈ కేసు "ఎక్కడో పొరపాటు జరిగింది" అన్న దగ్గరే ఆగిపోయేది.

పాత షీట్‌లో రెండు లైన్లు ఉన్నాయి. మొదటిది తెలుగు పుస్తకం నుంచి: "రాజరాజు కుటుంబం, కుందవ, భర్త విమలాదిత్యుడు." రెండోది ఇంగ్లీషు వ్యాసం నుంచి: "రాజరాజ చోళుడు, సోదరి కుందవ." ఈ రెండో లైన్లో భర్త గడి ఖాళీ. ప్రశ్నలు ఎక్కువైపోయాయని ఆమె ఒకే విషయం మీద రెండేసి ఉన్నవాటిని ఏరేసింది. "కుందవ" అని ఫిల్టర్ పెడితే ఈ రెండూ పక్కపక్కన కనపడ్డాయి.

"అంకుల్, రెండు చోట్లా రాజరాజే, రెండు చోట్లా కుందవే. ఒక దాంట్లో భర్త పేరు లేదు, ఇంకో దాంట్లో ఉంది. ఒకే మనిషి గురించి రెండు సార్లు రాసుకున్నాననుకున్నా" అంది.

ఆమె చెప్పింది చదివితే ఎవరైనా అదే చేస్తారనిపిస్తుంది. నేను ఇన్నేళ్ళలో చూసిన రాజుల పేర్ల తికమకల్లో చాలావాటికి మూలం అజ్ఞానం కాదు, ఇలా సర్దడమే. నోట్సు రాసుకునేటప్పుడు మనిషికి ఏ రాజు గురించి రాస్తున్నాడో స్పష్టంగా తెలుసు. వారం తర్వాత ఆ నోట్సుని ప్రశ్నగా మార్చేటప్పుడు పేరు ఒక్కటే మిగులుతుంది.

ఇంకో చిన్న సంగతి కూడా ఇక్కడే ఉంది. ఇంగ్లీషు వ్యాసంలోని మాటని ఆమె "సోదరి" అని రాసుకుంది. "అక్క" అని రాసి ఉంటే, పెద్దరాజు అక్కకి వేంగి రాజు మొగుడేంటన్న అనుమానం కనీసం సరిచూసేవాళ్ళకైనా వచ్చేది. చుట్టరికం రాసేటప్పుడు ఎంత తేటగా రాస్తే తప్పు అంత తొందరగా బయటపడుతుంది. అక్క, చెల్లి, మేనత్త, మేనమామ, కూతురి కొడుకు అని మనకి ఇన్ని మాటలుండగా "సోదరి", "బంధువు", "వారసుడు" అని రాసుకోవడం దేనికి?

ఒట్టి పేరు ఎవరికి ఎవరు

ఈ కేసులో నాకు ముఖ్యమనిపించింది మాత్రం షీట్ కాదు, ఆ హాలు. ఒట్టి పేరు చెప్పినప్పుడు వినేవాడికి ముందు తట్టే మనిషి ఒకడుంటాడు. అతను ఎవరన్నది ఆ విన్నవాడు ఏ ఊళ్ళో, ఏ పుస్తకం చదువుకున్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది. గోదావరి వాళ్ళకి రాజరాజు అంటే నరేంద్రుడు. తమిళ పాఠాలు చదివిన పిల్లలకి రాజరాజన్ అంటే తంజావూరు గుడి. బెంగళూరులో విష్ణువర్ధనుడు అంటే బేలూరు గుడి కట్టించిన హొయసల రాజు, మన పుస్తకాల్లో వేంగిలో రాజ్యం పెట్టిన కుబ్జ విష్ణువర్ధనుడు. ప్రతాపరుద్రుడంటే వరంగల్లులో ఒకరు, కటకంలో ఇంకొకరు.

రాజమండ్రిలో ఈ క్విజ్ పెట్టి ఉంటే ఎవరూ నోరెత్తేవారు కాదు. తప్పు తప్పుగానే ఉండిపోయేది, అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. చెన్నైలో తెలుగు హాలు అంటే ఆ రెండు రకాల చదువులూ ఒకే బెంచీ మీద కూర్చుంటాయి. తాతగారు తెలుగు మీడియం, మనవడు ఇక్కడి స్టేట్ బోర్డు. ప్రశ్నలు రాసేవాళ్ళకి ఇది తలనొప్పే, సరిచూసేవాడికి మాత్రం ఇంతకన్నా మంచి హాలు దొరకదు.

తాత పేరు

తప్పు ఒక్కటే ఉండదన్న అనుమానంతో ఫైలు మొత్తం చూశాను. మొదటి నుంచి చివరిదాకా వరసగా చదవలేదు. తాత పేరు మనవడికి పెట్టిన చోట్లు వెతుక్కుంటూ వెళ్ళాను, ఎందుకంటే తికమక ఎక్కువగా అక్కడే ఉంటుంది. మన ఇళ్ళల్లో ఒకే గడపలో తాత సుబ్బారావు, మనవడు సుబ్బారావు ఉంటే పోస్టు ఎవరిదో తెలియదు కదా, అదే గోల.

బాదామి చాళుక్యుల్లో రెండవ పులకేశి మొదటి పులకేశికి మనవడు. పల్లవుల్లో రెండవ మహేంద్రవర్మ మొదటి మహేంద్రవర్మకి మనవడు. కాకతీయుల్లో మొదట బేతరాజు, ప్రోలరాజు, మళ్ళీ బేతరాజు, ప్రోలరాజు. వేంగిలో ఇది అమ్మల వైపు నుంచి వచ్చింది కాబట్టి ఇంకాస్త చిక్కు. రాజరాజ నరేంద్రుడికి అమ్మ తండ్రి పేరు. అతను పెళ్ళి చేసుకున్న అమ్మంగదేవి రాజేంద్ర చోళుడి కూతురు. వాళ్ళ కొడుక్కి మళ్ళీ అమ్మ తండ్రి పేరే, రాజేంద్రుడు. ఆ రాజేంద్రుడే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. అతని భార్య మధురాంతకి రెండవ రాజేంద్ర చోళుడి కూతురు. అంటే ఒక రాజేంద్రుడి మనవడు రాజేంద్రుడు, ఇంకో రాజేంద్రుడికి అల్లుడు. దీన్ని ఒక్క వాక్యంలో ప్రశ్నగా అడగబోయిన వాళ్ళెవరూ బాగుపడలేదు.

"మొదటి", "రెండవ" అని అంకె వేస్తే సరిపోతుంది కదా అంటారు. ఆ అంకెలు రాజులు పెట్టుకున్నవి కావు, తర్వాత చరిత్రకారులు వేసినవి. చోళ శాసనాల్లోనైతే రాజకేసరి, పరకేసరి అన్న బిరుదులు ఒక రాజు విడిచి ఒక రాజుకి వస్తాయి. అసలు పేరు లేకుండా పరకేసరివర్మ ఫలానా పాలనా సంవత్సరం అని మాత్రమే ఉన్న శాసనం ఏ రాజుదో తేల్చడానికి పండితులే కిందామీదా పడాల్సి వచ్చింది. అలాంటప్పుడు అంకె ఒక్కదాని మీద ప్రశ్నని నిలబెట్టడం నాకు నచ్చదు. "మొదటివాడా, రెండోవాడా?" అని అడిగితే ఏమీ తెలియనివాడు కూడా బొమ్మా బొరుసా వేసి సగం సార్లు గెలుస్తాడు.

రుద్రులు, వెంకటులు

ఫైలులో బాగా పాడైన ప్రశ్న కాకతీయులది: "రుద్రదేవుడి కాలంలో కట్టిన, యునెస్కో గుర్తింపు పొందిన గుడి ఏది?" కీ: రామప్ప గుడి. రుద్రదేవుడు 1163లో హనుమకొండలో కట్టించింది వేయిస్తంభాల గుడి. రామప్ప గుడి 1213 నాటిది. అప్పటికి రాజు గణపతిదేవుడు, కట్టించింది అతని సేనాని రేచర్ల రుద్రుడు. ఇది చాలదన్నట్టు రుద్రమదేవిని శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని రాశారు. ఆమె కూతురి కొడుకు ప్రతాపరుద్రుడు, 1323లో కాకతీయ రాజ్యం అతనితోనే ముగిసింది. కొన్ని పుస్తకాలు మొదటి రుద్రదేవుణ్ణి కూడా "మొదటి ప్రతాపరుద్రుడు" అంటాయి. గుడి కట్టిన 1163 నుంచి లెక్కేసినా నూట అరవై ఏళ్ళలో నలుగురు రుద్రులు.

ఈ ప్రశ్నకి ఆనవాళ్ళు కలపలేదు, రుద్రుడి పేరే తీసేశాం: "గణపతిదేవుడి సేనాని కట్టించిన ఏ గుడి 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది?" వేయిస్తంభాల గుడి ప్రశ్నకి మాత్రం కీలో ఒక ముక్క కలిపాం: "రుద్రదేవుడు" రైటు, "మొదటి ప్రతాపరుద్రుడు" అన్నా రైటు, ఒట్టి "ప్రతాపరుద్రుడు" అంటే క్విజ్ మాస్టర్ ఏ ప్రతాపరుద్రుడని అడగాలి.

మామల్లపురం తీర ఆలయం ప్రశ్నకి కీలో ఒట్టి "నరసింహవర్మ" అని ఉంది. కట్టించింది రాజసింహుడనే బిరుదున్న రెండవ నరసింహవర్మ, కంచి కైలాసనాథ ఆలయం కట్టించినవాడు. ఊరి పేరులో ఉన్న మామల్లుడు అతని ముత్తాత మొదటి నరసింహవర్మ, 642లో వాతాపిని పట్టుకున్నవాడు. పోటీదారుడు "మామల్లుడు" అంటే స్కోరర్ కీ చూసి, అతనూ నరసింహవర్మే కదా అని పాయింట్లు వేసేస్తాడు. కీలో రైటు జవాబుతో పాటు, ఒప్పుకోకూడని జవాబు కూడా రాయాలని ఇలాంటి చోటే అనిపిస్తుంది. కులీల తికమక మామూలే: గోల్కొండ రాజ్యం 1518లో మొదలుపెట్టిన సుల్తాన్ కులీ, 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ. ఆ ప్రశ్నలో ముందు పేరు చేరిస్తే సరిపోయింది.

చెన్నై ప్రశ్న మాత్రం కమిటీకి బాగా ఇష్టమైనది, అదే వంకరగా ఉంది: "1639లో ఇంగ్లీషువాళ్ళకి చెన్నపట్నం స్థలం ఇచ్చిన వెంకటుడు ఎవరు?" స్థలం ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఊరికి అతని తండ్రి చెన్నప్ప పేరు వచ్చింది. వెంకటాద్రికి పైన చంద్రగిరిలో ఉన్న విజయనగర రాజు పేరు పెద వెంకటరాయలు. ఒకే దానంలో ఇద్దరు వెంకటులు. అంతకు ముందు 1586 నుంచి 1614 దాకా ఏలిన వెంకటపతిరాయలు ఇంకొకరు. ఆయన రెండవ వెంకటుడా, మొదటి వెంకటుడా అన్నది పుస్తకాన్ని బట్టి మారుతుంది. 1542లో కొన్నాళ్ళే రాజుగా ఉన్న అచ్యుతరాయల కొడుకు వెంకటుణ్ణి కొందరు లెక్కలోకి తీసుకుంటారు. కొందరు విజయనగరాన్ని చివర్లో ఏలిన అరవీటి వంశం దగ్గర కొత్తగా లెక్క మొదలుపెడతారు. అందుకని ప్రశ్నలో ఈ వెంకటులెవరికీ అంకె వేయలేదు. "ఏ నాయకుడు ఇచ్చాడు, ఊరికి ఎవరి పేరు వచ్చింది?" అని రెండు ముక్కలుగా అడిగాం.

ఎన్ని ఆనవాళ్ళు

ఇదంతా చూశాక ఆ అమ్మాయి భయపడి ప్రతి ప్రశ్నలో వంశం, తండ్రి పేరు, రాజధాని, ఏళ్ళు, బిరుదు అన్నీ కుక్కి పంపింది. ఒక స్లైడ్ నిండా అక్షరాలే. అంత చెప్పేస్తే జవాబు మనమే చెప్పేసినట్టు, పైగా చదివేలోపు బజర్ మోగుతుంది. నేను పాటించేది ఇది: ప్రశ్నలో రెండు ఆనవాళ్ళు చాలు, కానీ రెండూ ఒకే రకం కాకూడదు. ఒకటి చుట్టరికం అయితే రెండోది చేసిన పనో, ఊరో కావాలి. ఏళ్ళు మనకి చాలా పనికొస్తాయి, ఆడేవాళ్ళకి పెద్దగా పనికిరావు. 985, 1022 అని విన్నంతమాత్రాన హాల్లో ఎవరికీ మనిషి గుర్తురాడు. అందుకని ఏళ్ళు కీలో ఉంటాయి, స్లైడ్ మీద ఉండవు.

తర్వాత షీట్‌లో "ఇంకెవరు?" అని ఒక గడి పెట్టించాను. ఈ ప్రశ్నలో చెప్పిన పేరు ఇంకెవరికి ఉంది, ప్రశ్న వాళ్ళకి కూడా సరిపోతుందా అన్నది అక్కడ రాయాలి. ఆ గడి నింపేది ప్రశ్న రాసినవాళ్ళు కాకూడదు, వేరే బోర్డులో చదివినవాళ్ళు కావాలి. చెన్నైలో దానికి కొదవ లేదు, ఆమె ఫ్లాట్‌మేటే తిరునెల్వేలి అమ్మాయి.

తీర్పు

ప్రశ్న రద్దు చేసి ఇద్దరికీ సున్నా వేద్దామని కమిటీలో కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. అడిగిన ప్రశ్నలో తప్పు లేదు, తప్పు కీలో ఉంది. అడిగినదానికి కుర్రాడు సరిగ్గా చెప్పాడు. ప్రశ్న రద్దు చేస్తే కీ రాసినవాళ్ళ పొరపాటుకి వాడు మూల్యం చెల్లించినట్టు. పాయింట్లు వాడి జట్టుకి వేయమని, రెండో జట్టుకి వేసినవి తీసేయమని రాసిచ్చాను. పెద్దాయనతో నేనే ఫోన్‌లో మాట్లాడాను. మీరు చెప్పిన కుందవ నిజమే కానీ ఆమె కూతురు, అడిగింది అక్క గురించి అని చెప్తే కాసేపు ఊరుకున్నారు. "మరి కీలో నా జవాబే ఉంది కదండీ?" అన్నారు. దానికి నా దగ్గర సమాధానం లేదు. చివరికి కమిటీ ఫైనల్‌లో ఒక జట్టుని పెంచి ఇద్దర్నీ తీసుకుంది. నియమం ప్రకారం అది సరైంది కాదని నా అభిప్రాయం, కానీ పండగ పూట నిర్వాహకులు పడే టెన్షన్ నేను పడక్కర్లేదు కాబట్టి ఊరుకున్నాను.

ఫైనల్‌కి ఈ తికమకనే ప్రశ్న చేశాం: "తంజావూరు పెద్దగుడి శాసనంలో రాజు తన దానాల వెంటనే అక్క ఇచ్చిన దానాల సంగతి చెప్పాడు. ఆ అక్క పేరే పెట్టుకున్న అతని కూతురు వేంగికి కోడలైంది. ఆ కూతురి కొడుకు ఎవరు, అతను ఏ కవి చేత ఏ కావ్యం మొదలుపెట్టించాడు?" రెండు కుందవలూ అందులోనే ఉన్నారు, ఎవరు ఎవరో చుట్టరికమే చెప్తుంది. "ఇంకెవరు?" గడిలో తిరునెల్వేలి అమ్మాయి గీత గీసింది, ఇంకెవరూ సరిపోరని.

దసరా సెట్ ఇప్పుడు నా దగ్గరుంది. చాళుక్యులు, పల్లవులు అయిపోయారు. హొయసలులు మాత్రం ఆ గడి దగ్గరే ఆగారు: ముగ్గురు నరసింహులు, ముగ్గురు బల్లాళులు, అందులో మొదటి నరసింహుడి కొడుకు రెండవ బల్లాళుడు, అతని కొడుకు రెండవ నరసింహుడు. సోమనాథపురం గుడి మూడవ నరసింహుడి కాలంలో 1258లో కట్టిందని, కట్టించిన దండనాయకుడి పేరు సోముడని, ఆ రాజు తండ్రి పేరు సోమేశ్వరుడని ఆ అమ్మాయికి రాసి పంపాను. ఆ ప్రశ్న ఎలా అడగాలో ఆమె ఇంకా తేల్చలేదు.